లాగ్ ఆపేసిన వారం

మా ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నింపిన పెద్ద బానని పైనుంచి మోసుకెళ్లే పని. కింద మనుషులుంటారు. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాడు పగలు పడుకోకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను ఉక్కునగరం క్వార్టర్లో కూర్చుని టైపింగు చేస్తాను. పెళ్లికార్డులు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు. ఒకరోజు ప్రశ్నపత్రం మధ్యలో కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. నోరు మూసుకుని మళ్లీ ఆన్ చేసుకుంటే పోయేది. బుద్ధి గడ్డి తిని ఆయనతో చెప్పాను.

కంచరపాలెం నుంచి తెలిసిన మెకానిక్కుని తీసుకొచ్చాడు. అతను ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి తెరిచి చూపించాడు. లోపల ఏం జరిగినా, టైముతో సహా కంప్యూటరే రాసిపెట్టుకుంటుందట. హెచ్చరికైతే పసుపు గుర్తు, తప్పు జరిగితే ఎర్ర గుర్తు. ఎర్రవి వందల్లో ఉన్నాయి. బాగున్న మిషన్లో కూడా ఇవి ఉంటాయి, పట్టించుకోకండి అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

పట్టించుకోవద్దంటే మా ఆయన వింటాడా? ప్లాంటులో ప్రతి షిఫ్టుకీ లాగ్‌బుక్ ఉంటుంది. అందులో ఒకరు ఫాల్టు రాస్తే, ఎదురుగా ఏం చేశారో రాసి ఇంకొకరు సంతకం పెట్టాలి. ఆ ఎదురు గడి ఖాళీగా వదలడం ఇరవై ఏళ్లలో ఆయనకి అలవాటు లేదు.

మర్నాటి నుంచి మొదలైంది. పొద్దున్నే డ్యూటీ దిగి రావడం, ఉప్మా ప్లేటు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం, ఒక్కో ఎర్ర గుర్తునీ పొడుగాటి నోటుపుస్తకంలోకి ఎక్కించడం, దాని అర్థం ఫోనులో వెతకడం. పది తప్పులు తేలేసరికి పదిహేను కొత్తవి వచ్చేవి. మధ్యాహ్నం దాటిపోయేది. పడుకోమని బతిమాలాను, తిట్టాను, కంచం విసిరేసినంత పని చేశాను. ఊఁ అంటాడు, కదలడు. ఒకరోజు స్కూటర్ ప్లాంటు స్టాండులోనే మర్చిపోయి బస్సులో ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం ఆయన సరుకులకి పూర్ణా మార్కెట్ వెళ్లగానే మెకానిక్కుకి ఫోన్ చేశాను. అసలు ఆ రాయడమే ఆగిపోయే దారి చెప్పమన్నాను. సర్వీసుల జాబితాలో ఈవెంట్ లాగ్ అన్నదాన్ని పట్టుకుని, డిసేబుల్ చేసి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయమన్నాడు. దాన్ని ఆపితే మరికొన్ని కూడా పనిచేయకపోవచ్చని, వద్దన్నట్టే చెప్పాడు. మానితే మానాయి, నా మొగుడు పడుకుంటే చాలనుకుని, అతను చెప్పినట్టే ఆపేశాను.

పొద్దున ఆయన డ్యూటీ దిగి వచ్చి తెరిస్తే, లాగ్ సర్వీసు నడవడం లేదని ఒక ముక్క కనిపించింది. ఏదో అప్‌డేట్ వచ్చింది, ఇక అది రాదట అని అబద్ధమాడాను. నోటుపుస్తకం మూసి, వెళ్లి పడుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి లేచాడు! వంజరం చేప తెచ్చి పులుసు పెట్టాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ మురిపెం ఒక్కరోజే. మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మళ్లీ అదే కుర్చీలో ఉన్నాడు. ఒళ్లో నోటుపుస్తకం. తొంగిచూశాను. ఏడూ నలభై, ఫ్యాన్ చప్పుడు పెరిగింది. ఏడూ యాభై రెండు, స్క్రీను ఒకసారి మినుకుమంది. ఎనిమిదీ అయిదు, అంతా నార్మల్.

"ఏటి సేత్తన్నావ్ బావా?"

"అది రాయడం మానేసినాది కదా. ఎవులో ఒకలు సూసి రాయాల."

ఆపింది నేనేనని, నువ్వు పడుకుంటావనే ఆపానని చెప్పేశాను. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. ఆయన మెల్లిగా అడిగాడు.

"ఆపినప్పుడు సార్జి ఎవులికి అప్పజెప్పినావ్?"

ప్లాంటులో తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, ఛార్జి తీసుకున్నట్టు సంతకం పెట్టేదాకా ఆయన క్రేన్ దిగడు. ఆ మనిషి రాకపోతే ఇంకో షిఫ్టు కూడా చేస్తాడు. కిందనున్నవాళ్లు ఇన్నేళ్లు క్షేమంగా ఇళ్లకెళ్లింది అలాంటి మనుషుల వల్లే. దాన్ని జబ్బు అని ఏ నోటితో అనను?

లాగ్ మళ్లీ ఆన్ చేశాను. కుర్చీ పక్కన నిలబడి చెయ్యి చాపాను.

"నాకియ్యి బావా. నాను సూత్తాను."

చివరి వాక్యం కింద గీత గీసి, టైము వేసి, నాచేత సంతకం పెట్టించుకున్నాడు. మంచం మీద వాలిన నిమిషానికే గురక వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, వచ్చిన ప్రతి ఎర్ర గుర్తునీ అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. ఎదురు గడుల్లో ఏం రాయాలో తెలియక ఖాళీగా ఉంచాను.

ఎప్పుడు లేచాడో, వెనక నిలబడి ఉన్నాడు. నేను రాసినదంతా వేలు పెట్టి వరసగా చదివాడు. ఖాళీ గడుల దగ్గర ఆగాడు. కింద టైము వేసి సంతకం పెట్టాడు.

"నీ డ్యూటీ అయిపోనాది. ఎల్లి తొంగో."

అప్పటికి పొద్దున పదకొండు కూడా కాలేదు. రాత్రి పదింటికి ఆయన మళ్లీ క్రేన్ ఎక్కాలి. నేను లేచి కుర్చీ ఇచ్చాను.