ఏ పద్దెనిమిది చుక్క రెండు

మా దేవిదాస్ తాత మనుషుల్ని పేర్లతో పిలవడు, జబ్బు నంబర్లతో పిలుస్తాడు. బాన్సువాడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఇరవై ఏళ్లు ఫైళ్ల మీద రోగాలకు కోడ్ వేసిన చెయ్యి ఆయనది. చెయ్యి రిటైరైంది గానీ నోరు ఇంకా డ్యూటీ దిగలేదు.

అవ్వ తల పట్టుకుంటే "ఆర్ యాభై ఒకటి" అంటాడు. నేను ఇంటర్ తప్పిన రోజు ఇల్లంతా మొహం మాడ్చుకుంటే, తాత లావుపాటి కోడ్ పుస్తకం తిరగేసి ఎగిరి గంతేశాడు.

"పోరీ, నీకు గూడ ఉన్నదే! జెడ్ యాభై అయిదు చుక్క రెండు. పరీక్ష తప్పుడు!"

"చుక్క ఎందుకు తాతా?"

"చుక్క మరిస్తే రోగమే మారిపోతది."

ఆయన్ని ఓడించింది అవ్వ ఒక్కతే. "కూరల ఉప్పెక్కువైందంటివి గద, దానికేం కోడో చెప్పు" అంది. తాత గంట వెతికి "లేదు" అన్నాడు.

"అయితే ఎక్కువ కాలే. తిను."

తాత రోజూ పొద్దున ఆటో స్టాండుకు పోయి, కోటగిరి ఆటో నడిపే తండా భద్రును చూసి కేక పెట్టేవాడు. "ఏ పద్దెనిమిది చుక్క రెండూ! అయ్యిందా?"

"అయ్యింది సారూ!" అనేవాడు భద్రు, ఎండాకాలంలోనూ మెడకు తువ్వాలు చుట్టుకుని.

నేను ఊరుకుంటానా? పుస్తకం తీశాను. మెడ గడ్డల టీబీ!

"తాతా, దొరికింది! నర్సింలన్నకు చెప్తా" అన్నాను. రోజూ ఆ ఆటో ఎక్కే నర్సింలు చెవిలో పడితే మధ్యాహ్నానికి మద్నూర్ దాకా తెలుస్తుంది.

"సింధుజా!"

పేరు పెట్టి పిలిచాడు! అదే మొదటిసారి.

"గా గడ్డ ఎవ్వరికీ అంటేది గాదు. ఆరు నెలలు గోలీలు మింగితే పోతది. దాని పేరే అంటుకుంటది. భద్రు నాకొక్కనికే చెప్పిండు, నలుగురికి తెలిస్తే గా ఆటోల ఎవడు కూసుంటడు?"

"మరి గంత గట్టిగ అడుగుడెందుకు?"

"అడగకుంటే గోలీలు మరుస్తడు. చెవిల అడిగితే అందరికీ అనుమానం. గట్టిగ అడిగితే, పిచ్చి ముసలోడు అంటరు. అననీ."

మర్నాడు ఆటోలో నర్సింలు నన్నే అడిగాడు. "మీ తాత రోజూ గట్టిగ ఒర్రే నంబరేందే?"

అద్దంలో భద్రు కళ్లు నా మీదే ఉన్నాయి.

"స్టాండు లైన్ల భద్రన్న ఆటో నంబర్."

"చుక్క రెండేంది?"

"రెండో ట్రిప్పు."

గోలీల ఆరు నెలలు నిండాక భద్రు మెడ మీద తువ్వాలు లేకుండా వచ్చాడు. తాత ఆ మెడను ఎగాదిగా చూసి, స్టాండు అదిరేలా అరిచాడు. "జెడ్ ఎనభై ఆరు చుక్క ఒకటి!"

రోగం ఒకప్పుడుండె, ఇప్పుడు లేదని దానర్థం.

"ఏంది భద్రూ, నంబర్ మారిందా?" అన్నాడు నర్సింలు.

"మారిందన్నా!"

"మరి దావత్ ఏది?"

భద్రు ఆటో అంతటికీ చాయ్ తాగించాడు. తాత ఒక గుక్క తాగి నా వైపు తిరిగాడు.

"ఏమే జెడ్ యాభై అయిదూ, పరీక్ష మళ్ల ఎప్పుడు రాస్తవే?"

"చుక్క మరిచినవ్ తాతా! నా రోగం మారిపోయింది."