తెర ఆర్పి చూడమన్న పెద్దనాయన

పెద్దనాయన పోయాడని వనపర్తి నుంచి అక్క ఫోన్ చేసినప్పుడు నేను పనిలో ఉన్నాను. అక్క అంటే ఆయన కూతురు. ఆయాసం ఎక్కువైతే అక్కడి దవాఖానలో చూపిద్దామని రెండు నెలల కిందట తన దగ్గరికి తీసుకుపోయింది. “పొద్దుగాల చాయ్ తాగిండు, మల్ల పండుకుండు, ఇగ లేవలే” అని చెప్పి ఏడ్చింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఎదురుగా ఉన్న మానిటర్‌ను చూస్తూ కూర్చుండిపోయాను. దాన్ని ఎంచింది ఆయనే.

ఆయన జన్మలో కంప్యూటర్ ముట్టలేదు. మా నాన్నకు అన్న, గద్వాలలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవాడు. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని పట్టంచు చీరలు నేశాడు. కళ్లద్దాల కాడ విరిగితే పట్టుపోగుతో చుట్టి కట్టుకున్నాడు. కొత్తవి కొనుక్కోమని ఎవరన్నా అంటే “కట్టు గట్టిగనే ఉంది కదా” అనేవాడు.

నేను హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. బీమా కోసం వచ్చే ఆసుపత్రి బిల్లులను పట్టికతో సరిచూడటం నా పని. చిన్న లాప్‌టాప్‌లో బిల్లు చూసి, అది మూసి, పట్టిక తెరిచేలోపు అంకె మర్చిపోయేదాన్ని. తప్పులు పెరిగాయి. మూడు నెలల్లో తగ్గకపోతే ఆఫీసుకు వచ్చి కూర్చోవాలి, లేదంటే మానుకోవాలి అని మేనేజరు తేల్చి చెప్పాడు. మా ఆయన ఇక్కడి బడిలో పంతులు, పాప అదే బడిలో రెండో తరగతి. తప్పులు తగ్గకపోతే ఉద్యోగం మానడం తప్ప నాకు వేరే దారి లేదు. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పెద్దనాయనకు తలనొప్పి అని మాత్రం చెప్పాను.

రోజూ నాలుగు గంటలకు ఆయన మా ఇంటికి చాయ్‌కి వచ్చేవాడు. నా లాప్‌టాప్ తెర అద్దంలా మెరిసే రకం. తెర కాస్త నల్లబడితే చాలు, వెనక గడప మీద ఆయన నిలబడటం అందులో కనిపించేది. “రా పెద్దనాయినా” అని వెనక్కి తిరగకుండానే పిలిచేదాన్ని. “వీపుకు కండ్లున్నయా ఏంది నీకు?” అని నవ్వేవాడు.

పెద్ద తెర కొంటానంటే, నేను అడక్కుండానే తానూ వస్తానన్నాడు. ముందురోజు నా బల్ల ముందు నన్ను కూర్చోబెట్టి, చెయ్యి చాచమని, తెర ఎంత దూరంలో పెట్టాలో వేలి కొసను బట్టి చూసుకున్నాడు. నా కంటి ఎత్తుకు గోడ మీద సుద్దముక్కతో గీత గీశాడు. “తెర పైఅంచు గీ గీత దాటొద్దు, కిందికి దిగొద్దు. మగ్గం గుంటల కూసున్నోని నడుము నీకెందుకు బిడ్డా?” అన్నాడు.

దుకాణంలో పెద్ద రభసే చేశాడు. ఇరవై నాలుగు అంగుళాల మానిటర్ చూపిస్తే, జేబులోంచి టేపు తీసి, చీరకు కొలిచినట్టు అడ్డంగా పన్నా కొలిచాడు. ఇరవై ఒకటి కూడా రాలేదు.

“మిగిలిన మూడంగుళాలు ఏడ బోయినయ్?”

“మూల నుంచి మూలకు కొలుస్తరు పెద్దాయనా. లోకమంత గంతే” అన్నాడు దుకాణదారు.

“మూల నుంచి మూలకు కొల్చి చీర అమ్మితే నన్ను తంతరు. నడువు బిడ్డా!”

నిజంగానే బయటికి నడిచాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చోబెట్టి, ఫోను, టీవీ అన్నీ అలాగే కొలుస్తారని పావుగంట చెప్పాను. చాయ్ సగం తాగి, “అయితే ఆయన మోసం చెయ్యలే. నాకే తెల్వదు” అని లేచాడు. దుకాణంలోకి పోగానే “తప్పు నాదే సేటూ, ఏమనుకోకు” అన్నాడు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకునే పెద్దమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

టేపు మాత్రం వదల్లేదు. దుకాణదారు మెచ్చుకుంటున్న ఇరవై తొమ్మిది అంగుళాలదాన్ని కొలిస్తే వెడల్పే తప్ప, ఎత్తు ఇరవై నాలుగుదానికంటే తక్కువ తేలింది. నా పట్టికలన్నీ నిలువునా పొడుగు. అది పక్కకు పోయింది. ఇరవై ఏడుది నాకు నచ్చింది కానీ, నా బల్ల మీద అంత దగ్గర పెట్టుకుంటే తల అటూ ఇటూ తిప్పుతూ ఉండాలన్నాడు. అన్ని తెరల మీదా రంగురంగుల చిలుకలు ఎగురుతున్నాయి. “చిలుకలను చూస్తే నీకు జీతమిస్తరా? నీ పని పెట్టి చూడు” అన్నాడు. లాప్‌టాప్ తగిలించి పట్టిక తెరిచాను. అంకెలు ఎక్కడ చక్కగా కనిపిస్తున్నాయో అప్పుడు తెలిసింది.

చివరికి ఇరవై నాలుగువే రెండు మిగిలాయి. “జర రెండూ ఆర్పు సేటూ” అన్నాడు. మానిటర్ ఆర్పి చూసేవాళ్లను దుకాణదారు అదే మొదటిసారి చూడటం కాబోలు, అయోమయంగా ఆర్పాడు. ఒకదాంట్లో పట్టుపోగు కళ్లద్దాలతో సహా పెద్దనాయన ముఖం కనిపించింది.

“నువ్వు పని చేస్తవా, నా మొఖం చూస్తవా? గది వద్దు. మెరవనిది తీసుకో.”

ఇంటికి తెచ్చాక వీధి కిటికీ వెలుగు ఎడమ పక్క నుంచి పడేట్టు బల్ల తిప్పించాడు. స్టాండు పొట్టిగా ఉందని, అటక మీదున్న తన పాత మగ్గం కొయ్య కోసి కింద పెట్టాడు. పైఅంచు సరిగ్గా సుద్దగీతకు వచ్చింది. “నా కండ్లు మగ్గానికి ఇచ్చిన. నువ్వు కంపెనీకి ఇయ్యకు” అన్నాడు, కొయ్యపొట్టు దులుపుకుంటూ.

బిల్లు పక్కకు జరిపిన లాప్‌టాప్‌లో, పట్టిక ఎదురుగా మానిటర్‌లో. తప్పులు తగ్గాయి. మూడో నెలాఖరున మేనేజరు ఇంటి నుంచే చేసుకోమన్నాడు. నా ఉద్యోగం నిలబెట్టింది పెద్దనాయన. ఆ మాట ఆయనకు చెప్పనే లేదు. అప్పటికి వనపర్తిలో ఉన్నాడు. ఫోన్లో కాదు, వచ్చాక చాయ్ చేతికిచ్చి చెబుదామనుకున్నాను. ఇప్పుడు నామీద నాకే కోపంగా ఉంది.

కొత్త మానిటర్ వచ్చాక, ఆయన వనపర్తికి పోయేదాకా, ఆయన రాక నాకు తెలిసేది కాదు. మెరవని తెర కదా, గడప మీద నిలబడి దగ్గేవాడు. “ఇప్పుడు పనిల పడ్డవ్ బిడ్డా” అని తెగ సంతోషపడేవాడు.

పదోరోజు అయ్యాక మళ్లీ పనిలో కూర్చున్నాను. నాలుగైంది. అలవాటు కొద్దీ చాయ్ రెండు గ్లాసుల్లో పోసి తెచ్చుకున్నాను. మానిటర్ ఆర్పాను, అందులో ఏమీ కనిపించలేదు. లాప్‌టాప్ కూడా ఆర్పి, దాని తెరను కొంచెం నావైపు వంచుకున్నాను. నా వెనక తలుపు తీసే ఉంది. తెరలో గడప కనిపిస్తోంది. చాయ్ చల్లారేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను.