దేవుడి పేరు కింద దాగిన పసుపు

మా పసుపుకు వెబ్‌సైటు పెడతానంటే మామ నవ్వలేదు, గడువు పెట్టారు. "ఉగాది లోపల ఒక్కలన్న ఫోన్ జేసి అడగాలె. లేకుంటే బస్తాలన్నీ యార్డుకే."

సరే అన్నాను. మా చేను ఆర్మూర్ నుంచి వేల్పూర్ పోయే దారిలో. ఏటా మార్కెట్ యార్డుకు పోగానే మా కొమ్ములు ఎవరెవరి పసుపులోనో కలిసిపోతాయి. అదంటేనే నాకు ఒళ్ళుమంట.

ఫోన్‌లో చూసి నేర్చుకుని సైటు నేనే కట్టాను. ప్రతి పేజీకి శీర్షిక, కింద చిన్న వివరణ రాయమని సైటు అడిగింది. మా ఇంట్లో కిరాణా చిట్టీ రాసినా పైన దేవుడి పేరు పడాల్సిందే. అలవాటు కొద్దీ అన్ని పేజీలకూ "శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న" అని పెట్టాను. వివరణ గడిలోనూ అదే. నెల గడిచింది. నెట్‌లో "ఆర్మూర్ పసుపు" అని వెతికితే మేం లేము. స్వామి పేరుతో వెతికితే గుళ్ళ మధ్యలో ఎక్కడో అడుగున ఉన్నాం! ఓరి నా తెలివి తెల్లారా! పేజీ దేని గురించో సెర్చ్ ఇంజన్ శీర్షిక చూసి పోల్చుకుంటుందట. మేం అమ్మేది పసుపని నేనెక్కడ చెప్పాను?

శీర్షికలు మారుస్తుంటే మామ చూశారు. "దేవుని పేరు తీసేస్తున్నవా? ఇంటికి మంచిదేనా?"

"తీస్తలేను మామా. పేజీ లోపట పైననే పెట్టిన. శీర్షికల మాత్రం పసుపే ఉంటది."

"గడువైతే మారదు."

"మారొద్దు."

ఒక పేజీకి "ఆర్మూర్ పసుపు కొమ్ములు" అని, ఇంకోదానికి "రంగు కలపని పసుపు పొడి" అని రాశాను. వివరణలో గొప్పలు పోలేదు. "మా చేనులో పండించి, మేమే ఉడకబెట్టి ఎండబోసిన పసుపు." వివరణతో వెతుకులాటలో స్థానం పెరగదని చదివాను. కానీ శీర్షిక కింద కనిపించి, చూసినవాళ్ళను లోపలికి పిలిచేది అదే. కొన్ని వారాలకు వెతుకులాట ఫలితాల్లో మూడో పేజీ అడుగున కనిపించాం. చాలు, కనిపించాం.

ఉగాది ఇంకో వారం ఉందనగా కరీంనగర్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. మామ పక్కనే ఉన్నారు, స్పీకర్ పెట్టాను. "మీరే ఉడకబెడ్తమని రాసిన్రు, నిజమేనా?"

"మేమే," అన్నాను.

ఆమె పెట్టేశాక మామ నా వైపు తిరిగారు. "మేమే అంటే ఎవరు? పొయ్యి కాడ పొగల కూసున్నది నేను. గా మాట గూడ రాయి."

"రాస్త మామా. బస్తాలు యార్డుకు పోవంటేనే రాస్త."