మునిగిన ఓడ నుంచి మా తమ్ముడు

మొన్న పుత్తూరు బస్టాండు పక్కన టీ కొట్టులో టీవీ పెట్టి ఉంది. ఎర్ర సముద్రంలో ఇంకో సరుకు ఓడ మీద క్షిపణి పడిందని చూపిస్తున్నారు. నల్లటి పొగ. టీ గ్లాసు సగంలోనే పెట్టేసి బయటికి వచ్చేశాను. అలాంటి పొగలోంచే మా తమ్ముడు బతికి వచ్చాడు.

మా అందరిలోకీ చిన్నవాడు, ఓడలో వంటవాడు. అది ఎవరి యుద్ధమో వాడికి సరిగా తెలియదు. రాత్రి వంటకు చింతపండు చాలదేమోనని దిగులుపడుతుండగా క్షిపణి తగిలింది. ఇంజను గదిలోకి నీళ్ళొచ్చాయి. రబ్బరు తెప్ప మీద అందరూ బయటపడ్డారు, ఒక్క కార్వేటినగరం అబ్బాయి తప్ప. ఇంజను గదిలో పనిచేసే ఆ స్నేహితుణ్ణి ఓడ పనిలోకి పిలుచుకుపోయింది మా తమ్ముడే. ఇంకో ఓడ వాళ్ళు తెప్పను చూసి ఎక్కించుకునేసరికి వీళ్ళ ఓడ మునిగిపోయింది, అతనితో సహా.

తమ్ముడు విరిగిన చేత్తో ఇల్లు చేరాడు. పరాయి దేశపు డాక్టర్లు వేసిన కట్టు మా పెద్దమ్మకు నచ్చలేదు. పుత్తూరులో పుట్టినవాడికి ఇంకో ఊరి కట్టేమిటని, అది విప్పించి విరిగిన ఎముకలు అతికించడంలో పేరుమోసిన మా ఊరి కట్టు కట్టించేదాకా అన్నం ముట్టలేదు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు మా ఇంట్లో నవ్వు లేదు.

ఆ వారంలోనే ఆ కార్వేటినగరం అబ్బాయి తల్లి వచ్చింది. కాళ్ళ మీద పడబోయిన తమ్ముణ్ణి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చేతి కట్టు తడిమింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు కొంచెం తేలికయ్యేది. అప్పుడు అడిగింది.

"నీళ్ళు సల్లగా ఉండెనా, నాయనా?"

"లేదమ్మా. ఆ సముద్రం వెచ్చగా ఉంటాది."

"వానికి సల్లనీళ్ళు పడవు." మళ్ళీ కట్టు తడిమింది. "ఆ పూట తిన్నాడా?"

"తిన్నాడమ్మా. నేనే పెట్టినాను. ఇంకొంచెం పెట్టమని అడిగినాడు."

వచ్చినప్పటి నుంచి కన్నీరు పెట్టని మా తమ్ముడు అప్పుడు ఏడ్చాడు. ఆమె తన కొంగుతో వాడి మొహం తుడిచింది.

వాడు మళ్ళీ ఓడ ఎక్కలేదు. ఇప్పుడు తిరుపతిలో ఒక హోటల్లో వండుతున్నాడు. సెలవు దొరికితే కార్వేటినగరం వెళ్ళి ఆమెకు వండిపెట్టి వస్తాడు. కొడుక్కి కర్మకాండ చేయించమని బంధువులు చెప్పి చెప్పి మానుకున్నారు. మొహం చూడకుండా ఎట్ల చేసేదని ఆమె అంటుంది. అందరూ అతను ఫలానా రోజు పోయాడంటారు. ఇన్ని రోజులు వచ్చి పోయాయి గానీ, ఆమెకు మాత్రం ఆ రోజు ఇంకా రానేలేదు.