కంటి పరీక్షకు ఓటీపీ

మా ఆయన బ్యాగు అడుగున, బనియన్లో చుట్టిన మాత్రల సీసా దొరికింది. లేబులును గోరుతో గీకేసి ఉంది. అడిగితే బి-కాంప్లెక్స్ అన్నాడు. బి-కాంప్లెక్సును బనియన్లో దాచే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఒక మాత్ర తీసుకెళ్లి పెనుకొండలో మందుల షాపాయనకు చూపించాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇవి హెచ్ఐవికి వాడేటివమ్మా. ఎవరివో గాని, నువ్వు రక్తం చూపించుకో" అన్నాడు.

ఎక్కడ చూపించుకోను? మేముండేది హిందూపురం. అక్కడ సర్కారు ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసేది మా ఆడబిడ్డ. పుట్టిల్లు ధర్మవరం. అక్కడి ఆసుపత్రి ఊడ్చేది మా చిన్నమ్మ. నేను గేటు దాటకముందే వార్త మా వీధికి చేరుతుంది. పరీక్ష ఉచితం, ఎవరికీ చెప్పరు అని గోడ మీద రాసి ఉంటుంది. రాసినవాళ్లకు మా చిన్నమ్మ తెలియదు.

మిగిలింది పెనుకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మా ఆయన కంపెనీ ఇచ్చిన బీమా కార్డులో నా పేరూ ఉంది, ఓపీకి కూడా చెల్లుతుంది. బతికానురా దేవుడా అని కార్డు తీసిస్తే కౌంటరులో అమ్మాయి, "ఓటీపీ చెప్పక్కా. కార్డు ఎవరి పేరుతో ఉంటే వాళ్ల ఫోనుకే వస్తాది" అంది. నా ఒంట్లో రక్తం చూడడానికి ఆయన ఫోను కావాలి! చేతిలో బస్సు చార్జీ తప్ప ఏమీ లేదు. ఫోన్ చేశాను.

"ఏందో నెంబరొచ్చిందే. యాడుండావు?"

"పెనుకొండలో. కంటి పరీక్షకు వచ్చినా. అక్షరాలు మసగ్గా కనబడతాండాయి."

పాపం, ఆరంకెలూ రెండుసార్లు చదివాడు.

కాగితం మీద నెగెటివ్ అని వచ్చింది. అది మంచో చెడో తెలియక ఏడుపు ముంచుకొచ్చింది. జబ్బు లేదని అర్థమనీ, మూడు నెలలకు మళ్లీ చూడాలనీ చెప్పారు. కాగితాన్ని జాకెట్లో దోపుకుని బస్సెక్కాను.

సాయంత్రం ఇంటికొచ్చీ రాగానే, "అద్దాలు యాడ?" అన్నాడు. నా మొహం మండ, ఆ సంగతే మరిచిపోయాను! రేపిస్తారని చెప్పి, మరునాడు పక్కింటి అవ్వ వాడకుండా పక్కన పడేసిన అద్దాలు అడిగి తెచ్చుకున్నాను. అవి పెట్టుకుంటే నేల పైకి లేచినట్టుండేది. రోజుకు నాలుగుసార్లు గడప తన్నుకునేదాన్ని. "బాగుండాయే నీకు" అనేవాడు మా ఆయన.

పదిరోజులకు ఆయన ఫోనుకు బీమావాళ్ల మెసేజ్ వచ్చింది. అందులో బ్లడ్ టెస్ట్ అని ఉంది. ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు.

"కంటికి రక్తం తీస్తారా?"

అద్దాలు తీసేశాను. "నీ సీసా చూసినా. అందుకే పోయినా" అన్నాను. ఒక్క మాట చెప్పకుండా నాతో కాపురం చేశాడు!

ఆయన ఒకటే అడిగాడు. "ఏమొచ్చింది?"

"లేదంట. మూడు నెలలకు మళ్లా చూడాలంట."

గోడకానుకుని కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "రెండేండ్లాయ. చెప్పేకి నోరు రాలేదే నాకు" అన్నాడు. నేను ఓదార్చలేదు. ధర్మవరం వెళ్లిపోదామంటే, అక్కడ ఏమని చెప్పను? ఉండిపోయాను.

మూడు నెలలకు అదే కౌంటరు, అదే కార్డు. నేను చేయకముందే ఫోను ఆయనే చేశాడు. ఆరంకెలూ చదివాడు.

"పెట్టేయద్దు. ఏమొచ్చిందో చెప్పేదాకా లైన్లోనే ఉంటా."

పెట్టేయాలనే అనుకున్నాను. పెట్టలేకపోయాను.