ఓరుగల్లు దంగల్‌కు అమ్మతో

మా అమ్మ పుట్టిన ఊరూ, కాపురానికి వచ్చిన ఊరూ రెండూ వర్ధన్నపేట పక్కవే. ఆ రెండింటి మధ్య తప్ప ఆమె ఎక్కడికీ పోయి ఎరగదు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున పొయ్యి ముందు కూర్చుని, "నేనూ పిల్లా ఓరుగల్లు పోతానం. కుస్తీ అయినంక వత్తం," అని మా నాయనతో అంది. అడగలేదు, చెప్పింది. నాయన నోట్లో వేపపుల్ల అలాగే ఆగిపోయింది.

యుద్ధం రోజులవి. నూలు దొరక్క మా మగ్గం పడుకుంది. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవలసిన నాయన రోజంతా అరుగు మీదే ఉండేవాడు. ఇంట్లో పని ఆగుతుందనడానికి కూడా ఆయనకు సాకు లేకపోయింది.

"ఆడోళ్ళకు కుస్తీలెందుకే?" అన్నాడు.

"కుస్తీ నాకెందుకు? నా తమ్ముడు నాకు గావాలె."

ఆ తమ్ముడు మా మేనమామ. అమ్మమ్మ పోయేనాటికి ఆయన ఇంకా పాకుతున్నాడు. అమ్మకు అప్పటికి, ఈ ప్రయాణం నాటి నా అంత వయసు, పదో పన్నెండో. చంకనెత్తుకుని పెంచింది. పెళ్ళై అత్తగారింటికి వచ్చినప్పుడు వాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. పెద్దయ్యాక మామ ఓరుగల్లులో బట్టల మిల్లులో చేరాడు. అక్కడే ఒక తాలీంలో మట్టి పట్టి కుస్తీ నేర్చాడు. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు గడపలో తల వంచి, భుజాలు పక్కకు తిప్పి లోపలికి వచ్చేవాడు. అమ్మ ఆ భుజాలను చూసి మురిసిపోయేది, వెంటనే దిష్టి తీసేది.

ఆ ఏడు ఓరుగల్లులో పెద్ద దంగల్ పెట్టారు. పట్నం నుంచి, అంటే హైదరాబాదు నుంచి, పేరుమోసిన పైల్వాన్ వస్తున్నాడనీ, అతనితో పట్టు పట్టేది మా మామేననీ సంతకు పోయివచ్చిన వాళ్ళు చెప్పారు. ఆ పైల్వాన్ ఒకణ్ణి పట్టుకుంటే పక్కటెముకలు విరిగిన చప్పుడు వినిపించిందని ఇంకొకరు కలిపారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోవడమే గానీ తిన్నది లేదు.

పెట్రోలు కరువని ఆ రోజుల్లో బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. వెనక పెద్ద పొయ్యి, ఎత్తు వస్తే దిగి నడవాలి. నాకది ఆటలాగా ఉంది. నేను దిగి ముందుకు ఉరుకుతుంటే అమ్మ మాత్రం బస్సు మీద చెయ్యి వేసి నడిచింది, వదిలితే అది మమ్మల్ని దారిలో పడేసి వెళ్ళిపోతుందేమోనన్నట్టు.

మామ కొత్తవాడలో ఒక ఇంట్లో అర్ర తీసుకుని ఉండేవాడు. ఆ ఇంటివాళ్ళు జంపఖానాలు నేసేవాళ్ళు. ఇంటామె పెద్ద గొంతు మనిషి, నవ్వితే వీధి చివరికి వినిపించేది. అమ్మను చూడగానే "రా చెల్లె, నీ తమ్ముడు రోజూ నీ ముచ్చటే," అని చెంబుతో నీళ్ళిచ్చింది. మామ మిల్లు నుంచి వచ్చి నన్ను చూసి నవ్వాడు. ఎప్పుడూ వచ్చీ రాగానే నన్ను గాల్లోకి ఎత్తి పట్టుకునేవాడు. ఆ రోజు తల నిమిరి ఊరుకున్నాడు.

సాయంత్రం మమ్మల్ని బజారు తిప్పాడు. చౌరస్తాలో గాజుల దుకాణాలు, గుర్రపు బండ్లు, స్టేషన్ ముందు దిగుతున్న తెల్లబట్టల దొరలు. నాకు గోలీసోడా తాగించాడు. ఆ గోలీ లోపలికి పడిన చప్పుడుకు నేను ఎగిరిపడ్డాను, తాగితే ముక్కుల్లోంచి నీళ్ళు వచ్చాయి. నేనూ మామా నవ్వుతూనే ఉన్నాం. అమ్మకు గాజులు వేయిద్దామంటే చెయ్యి ముందుకు చాపింది గానీ ఏ రంగు కావాలో చెప్పలేదు. ఆమె చూపంతా మామ మీదే. ప్రతి గోడకూ దంగల్ కాగితాలు అంటించి ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు మామను చూసి, "ఏమన్నా, రేపు పట్నపోన్ని చిత్ జేత్తవా?" అని అడుగుతున్నారు. మామ మీసం మీద ఎడమచెయ్యి వేసి నవ్వుతున్నాడు.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ కనిపెట్టింది. మామ ముద్దను నోటి దగ్గరికి తేవడం లేదు. నోటినే ముద్ద దగ్గరికి తీసుకుపోతున్నాడు. కంచం మీదికి అంతగా వంగి తింటున్నాడు.

"కుడి భుజానికేమైంది?"

"ఏం గాలే అక్కా. మిల్లుల బేళ్ళు ఎత్తినం, జర పట్టింది."

తెల్లవారగానే అమ్మ నన్ను లేపి, నా ముఖం కడిగి, తాలీంకు తీసుకుపోయింది. ఆడవాళ్ళు తాలీంలోకి పోకూడదు. వాకిట్లో నిలబడ్డాం. లోపల నూనె, పసుపు కలిపిన మట్టి వాసన. నేను లోపలికి పోయి, తెల్ల మీసాల ముసలాయన కనిపిస్తే, "మా అవ్వ పిలుత్తాంది," అన్నాను. మా వైపు అమ్మను అవ్వ అనేవాళ్ళం. ఆయనే వస్తాదు, మామకు కుస్తీ నేర్పిన గురువు. పంచె సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"పెద్దయ్యా, నా తమ్ముని చెయ్యి మంచిగ లేదు," అంది అమ్మ.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎరుకే బిడ్డా. మొన్న కసరత్తుల జోడీ కర్రలు తిప్పుకుంట భుజం తప్పింది. కట్టు కట్టిచ్చిన. ఆగుమన్న. ఇనలే. మిల్లు మిల్లంతా చూడనీకి వత్తాందట, మొఖం ఎట్ల చూపియ్యాలె అంటాండు."

"నువ్వు గురువువు గదా. వద్దను."

"అన్న. నా మాటయితే అయిపోయింది. నువ్వంటే ఆగుతడు. తల్లి లెక్క పెంచినవని వాడే చెప్పిండు." ఆయన లోపలికి పోబోయి ఆగి, "కని అనేది నువ్వే అనాలె, నాతోని చెప్పియ్యకు," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నిన్న వేయించుకున్న గాజులు నా మణికట్టుకు గుచ్చుకున్నాయి. దారి పొడుగునా పెదవులు కదిలాయి. మామతో ఎలా చెప్పాలో లోపలే చెప్పుకుంటూ ఉండి ఉంటుంది.

మామ అర్రలో చాప మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ గడపలో నిలబడగానే ఆమె ముఖం చూశాడు. ఆమె నోరు తెరిచేలోపే అన్నాడు.

"అక్కా, నువ్వు వద్దంటే ఆగుత. నీ మాట దాటి నేనేం జెయ్యలే. అందుకే అడుగుతాన, నన్ను వద్దనకు."

పక్క ఇంట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అమ్మ గడప పట్టుకుని అలాగే ఉంది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని నేను చూస్తున్నాను. చివరికి ఆమె నోటి వెంట వచ్చింది ఒకటే మాట.

"తిన్నవా?"

"తిన్న అక్కా," అన్నాడు మామ.

కుస్తీ సాయంత్రం. మైదానం పక్కన ఇంటామె చుట్టాల మిద్దె ఉంది. అక్కడి నుంచి ఆడవాళ్ళు చూడవచ్చంది. మేము ఎక్కేసరికి కింద మనుషులు తప్ప నేల కనిపించడం లేదు. చెట్ల మీద, గోడల మీద, బండ్ల మీద జనం. డప్పులు మోగుతున్నాయి. మధ్యలో తాడు కట్టిన ఎర్రమట్టి గోదా. అమ్మ పిట్టగోడ దాకా వచ్చింది, ఒక్కసారి చూసింది, వెనక్కి తిరిగి గోడకు వీపు ఆనించి కింద కూర్చుండిపోయింది.

"నేను చూడలేను బిడ్డా. నువ్వు చూసి చెప్పు."

కుస్తీ అంటే నాకేం తెలుసు? అయినా చెప్పడం మొదలుపెట్టాను.

"మామ వచ్చిండు. మట్టి రాసుకుంటాండు."

"కుడిచేత్తోనా, ఎడమ చేత్తోనా?"

"ఎడమ చేత్తో."

అమ్మ కళ్ళు మూసుకుంది.

"పట్నపాయన వచ్చిండు. మామ కంటె పొట్టి. మెడ లేదు అవ్వా, తలకాయ భుజాల మీదనే ఉన్నది. చేతులు కలిపిన్రు. తలలు ఆనిచ్చుకున్నరు. గుండ్రంగ తిరుగుతాన్రు." కింద జనం హోరెత్తారు. "అవ్వా, మామ కిందవడ్డడు!"

"నా తమ్మీ!" అని అమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది.

ఇంటామె వెంటనే వంగి ఆమె భుజం కుదిపింది. "బొక్కబోర్ల వడ్డడు చెల్లె. ఈపు మట్టికి తాకితేనే ఓడినట్టు. ఏం గాలే. పోరీ, పడ్డడని కాదే, ఎట్ల పడ్డడో చెప్పు!"

అప్పటి నుంచి నేను వీపులే చూశాను. మామ వీపు, ఆయన వీపు, మళ్ళీ మామ వీపు. ఎర్రమట్టి పూసుకుని ఇద్దరూ ఒకే రంగుకు వచ్చారు, ఎవరి కాళ్ళు ఎవరివో తెలియడం లేదు. ఒకసారి మామ అతణ్ణి నడుం పట్టి లేపబోయాడు. మిల్లు జనం రుమాళ్ళు ఎగరేశారు. నేను కూడా గెంతాను. అంతలో పట్నపాయన కిందికి జారి మామ కుడిచెయ్యి వెనక్కి పట్టుకున్నాడు.

నా నోరు ఆగిపోయింది.

"ఏం జేత్తాండు? చెప్పు బిడ్డా. ఏం జేత్తాండు?"

మామ ముఖం మట్టిలో ఉంది. ఎడమచేత్తో నేలను గీరుతున్నాడు. నేను పలకకపోయేసరికి అమ్మ లేచింది. గోడ మీదికి వంగి చూసింది. ఆ తర్వాత ఆమె గొంతు నుంచి వచ్చిన కేక నేను అంతకు ముందు విన్నది కాదు, ఆ తర్వాతా వినలేదు.

"ఇడిసిపెట్టు తమ్మీ! ఇడిసిపెట్టు!"

ఆ డప్పుల్లో, ఆ అరుపుల్లో అది కిందికి వినిపించే వీలు లేదు. మామ వదల్లేదు. వదిలింది ఆ పట్నపాయన. మెలి తిప్పుతున్నవాడు ఉన్నట్టుండి ఆగి, మామ ముఖంలోకి తొంగి చూసి, చెయ్యి విడిచి లేచి నిలబడ్డాడు. మామను ఒక్క తోపు తోస్తే వెల్లకిలా పడేవాడు. తోయకుండా రెండు చేతులూ పైకెత్తి పెద్దమనుషులను పిలిచాడు. జనానికి అర్థం కాలేదు. ఈలలు, తిట్లు మొదలయ్యాయి.

నేను వెనక్కి చూసేసరికి అమ్మ మెట్ల మీద ఉంది. పరుగెత్తి ఆమె కొంగు పట్టుకున్నాను. ఆ మగవాళ్ళ గుంపులో నాకు మోచేతులు, నడుములు తప్ప ఏమీ కనిపించలేదు. ఊపిరాడలేదు. చేతిలో కొంగు జారితే ఇక అమ్మ దొరకదని ఏడుస్తూనే నడిచాను. "ఆడమనిషి గోదలకు వత్తాందేందిరా!" అని ఎవరో అరిచారు. ఇంకొకరు అడ్డం నిలబడ్డారు. తాడు దగ్గరికి వచ్చి అమ్మ ఆగిపోయింది. అక్కడిదాకా ఎవరినీ లెక్కచేయని మనిషి, ఆ మట్టి అంచున మాత్రం కాలు పెట్టలేకపోయింది.

వస్తాదు చూశాడు. వచ్చి తన చేత్తో తాడు పైకెత్తాడు.

"రా బిడ్డా," అన్నాడు.

మామ మట్టిలో కూర్చుని ఉన్నాడు. కుడి భుజం కిందికి జారి, చెయ్యి ఎవరిదో అక్కడ తగిలించినట్టు వేలాడుతోంది. పెదవులు తెల్లబడ్డాయి. పట్నపాయన పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు. అమ్మను చూసి, "ఫికర్ నక్కో బహెన్," అని ధైర్యం చెప్పాడు. తర్వాత వచ్చీ రాని తెలుగులో, "పాత దెబ్బ. పట్టుకుంటే తెలిసింది. నేను పెడతా," అన్నాడు. పైల్వాన్లు చాలామంది ఎముకలు కూడా సరిచేస్తారని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మ అతని చేతుల వైపు చూసింది. ఇప్పుడే మెలిపెట్టిన చేతులకు తమ్ముణ్ణి అప్పగించాలి. తల ఊపింది. అతను మామను పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టుకుని మెల్లగా గుంజాడు. టక్కుమన్న చప్పుడు నాకు కూడా వినిపించింది. మామ అరిచాడు. మరుక్షణం ముఖంలోకి రంగు వచ్చింది.

"కప్‌డా," అని పైల్వాన్ చెయ్యి చాపాడు.

నేతవాళ్ళ ఇంట బట్ట చింపడమంటే అన్నం పారబోసినట్టు. అమ్మ తన చీర కొంగును పళ్ళతో కొరికి బర్రున చింపి ఇచ్చింది. అతను మామ చెయ్యిని ఛాతీకి కట్టాడు. పట్నపాయనే గెలిచినట్టు పెద్దమనుషులు చాటించారు. అతను మామ ఎడమచెయ్యి కూడా పైకెత్తి జనానికి చూపించాడు. అప్పుడు గానీ మిల్లువాళ్ళ తిట్లు ఆగలేదు.

కొత్తవాడకు వచ్చాక మామ ఏడ్చాడు, నొప్పికి కాదు. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే ఏడుస్తూనే తిన్నాడు. ఇంటామె ఊరుకోలేక, "పొద్దుగాలనే వద్దంటే అయిపోవు గదా చెల్లె," అంది. అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అంటే ఆగేటోన్నే. అందుకే అననియ్యలే," అన్నాడు మామ.

మర్నాడు మామను వెంటబెట్టుకుని ఊరికి వచ్చాం. చెయ్యి కుదుటపడేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత మిల్లుకు పోయాడు గానీ మళ్ళీ దంగల్‌లో దిగలేదు. ముసలి వస్తాదు పోయాక ఆ తాలీం మామ చూసుకున్నాడు. ఎందరికో కుస్తీ నేర్పాడు. అమ్మ ఒక్క పోటీ కూడా చూడటానికి పోలేదు. ఆ రోజు వద్దని ఉండాల్సిందా అని నన్ను ఎన్నోసార్లు అడిగింది. ఒకసారి అవునన్నాను, ఒకసారి కాదన్నాను. ఏది చెప్పినా ఆమె మనసు ఒప్పుకోలేదు.

మామ పండగకో పబ్బానికో వచ్చి, ఫలానా పిల్లవాడు బాగా తయారయ్యాడు, ఈ ఏడు వాణ్ణి దింపుతానని చెప్పేవాడు. అమ్మ బియ్యం ఏరుతూ వినేది.

"ఆ పోరనికి ఇంట్ల ఎవలున్నరు?" అని అడిగేది.

మామ ఒక్కొక్కరి గురించీ చెప్పేవాడు. తల్లి ఉంది, చెల్లెలు ఉంది, ఎవరూ లేరు అని. ఎవరూ లేరంటే అమ్మ చేట పక్కన పెట్టి, "మరి వాన్ని నువ్వే చూసుకోవాలె," అనేది.