సగం నేర్పిన పని

మెకానికల్ డిపార్ట్‌మెంట్‌లో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. వెనకాల అందరికీ ఆమె డిటెక్టివ్ అక్క. ఎవరైనా ఊరికే నవ్వినా, ఎందుకు నవ్వారో ఆరా తీసేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. పుట్టుకతో వచ్చిన గుణం కాదులెండి. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఆమె చెప్పిన ఆలోచననే ఓ సీనియర్ సదస్సులో తనదిగా చదివేసి, చప్పట్లు కొట్టించుకుని, ఆ ఊపులోనే మంచి ఉద్యోగం పట్టుకుపోయాడు. వేడిపాలతో మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. ఈమె మంచినీళ్ళు కూడా ఊదేది.

ఆమె పరిశోధనంతా ల్యాబ్ మూలనున్న ఓ యంత్రం మీదే. బేరింగులను బరువు కింద తిప్పి తిప్పి, పాడయ్యే ముందు అవి ఎలా వణుకుతాయో కనిపెట్టాలి. దాన్ని తుడిచేదీ ఆమే, నూనె పోసేదీ ఆమే. ఇంకొకరు దగ్గరికొస్తే మొహం గంటు పెట్టుకునేది.

అలాంటిది ఒకరోజు గైడు కొత్తగా చేరిన అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, "ఈ మెషీన్ నడపడం ఈ పిల్లకి నేర్పమ్మా" అన్నారు. ఆ వారమే ఇంకో కబురు తెలిసింది. బేరింగుల కంపెనీ వాళ్ళు తమ పరిశోధన విభాగానికి మనిషిని ఎంచుకోవడానికి వస్తున్నారట. ఉన్నది ఒకటే ఖాళీ. ఆమె రెండు కబుర్లకూ ముడి వేసేసింది. నోటిదగ్గర కూడు లాగేయడానికి మళ్ళీ ఎవరో తయారయ్యారు!

కొత్తపిల్లేమో "అక్కా, టీ తేనా? అక్కా, బ్యాగ్ పట్టుకోనా?" అంటూ చుట్టూ తిరిగేది. అతివినయం ధూర్తలక్షణం అనుకుందామె. గైడు గదిలో ఆ పిల్ల గొంతు వినిపిస్తే చాలు, ఈమె కారిడార్‌లో నోటీసు బోర్డు చదివిందే చదువుతూ నిలబడేది.

ఫోన్లో ఈ గోలంతా విని తల్లి విసుక్కుంది. "నీ అనుమానం పాడుగాను! చెప్పేదేదో మనసారా చెప్పవే."

"నీకు తెలీదులేమ్మా. ఇక్కడ అందరూ గోతికాడ నక్కలే."

నేర్పింది. అన్నీ నేర్పింది, ఒక్కటి తప్ప. బరువు వేసేముందు యంత్రాన్ని కాసేపు ఖాళీగా తిప్పి, నూనె వేడెక్కనివ్వాలి. ఆ పిల్ల వచ్చేలోగా ఆ పని తనే ముగించి, ఏమీ ఎరగనట్టు నిలబడేది. తను లేకుండా యంత్రం నడవకూడదు, అంతే.

కంపెనీవాళ్ళు వచ్చినరోజు ఆమె యంత్రం ఆన్ చేయబోతుంటే గైడు పక్కకు పిలిచారు. "నువ్వు వాళ్ళ పక్కన నిలబడి వివరించు. మెషీన్ చిన్నమ్మాయి నడుపుతుంది. ఉద్యోగానికి నేను చెప్పింది నీ పేరేనమ్మా. అక్కడ నీ కింద కొత్తవాళ్ళు పనిచేస్తారు. నువ్వెలా నేర్పుతావో చూడాలన్నారు."

తన పేరా? నమ్మకం కుదరలేదు. ఇందులో మెలిక ఎక్కడుందోనని ఆమె వెతుక్కుంటూ ఉండగానే వచ్చినవాళ్ళు యంత్రం చుట్టూ చేరారు, కొత్తపిల్ల స్విచ్చు వేసి వెంటనే బరువు వేసేసింది. యంత్రం కీచుమని అరిచింది. మాడిన వాసన గుప్పుమంది. బేరింగు పట్టేసి, అంతా ఆగిపోయింది.

కంపెనీ పెద్దాయన ముందుకొచ్చాడు. "ఆన్ చెయ్యగానే లోడ్ వేసేశావేంటమ్మా? ముందు వేడెక్కనివ్వాలని ఎవరూ చెప్పలేదా?"

కొత్తపిల్ల గబగబా స్విచ్చు కట్టేసింది. "అక్క చెప్పే ఉంటుందండీ. నేనే మర్చిపోయుంటాను."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆమె అలవాటుకొద్దీ ఆ పిల్ల మొహంలోకి చూసింది. కళ్ళనీళ్ళు తప్ప అక్కడేమీ లేవు. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుందని తెలుసు. గైడు ఆమెవైపే చూస్తున్నారు.

"చెప్పలేదండీ" అందామె. "కావాలనే చెప్పలేదు."